రిమోట్ ఏజెన్సీలో చేరితే వెబ్ డిజైనర్ ఎదగరా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. రెండుసార్లు మా కాలేజీ బ్యాచ్ గ్రూపులో, ఒకసారి పాత ఆఫీసు వాళ్ల గ్రూపులో వచ్చింది. ఇంకోసారి మా ఆడపడుచు పంపింది. ఆ నాలుగుసార్లూ చూసి వదిలేశాను. ఐదోసారి పంపింది మా పిన్ని కొడుకు. కింద ఒక్క లైను రాశాడు: "అక్కా, ఇది నిజమేనా? ఆఫర్ వదిలేయమంటావా?"

వాడు కాకినాడలో డిగ్రీ అయ్యాక ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని డిజైన్ నేర్చుకున్నాడు. ఊళ్లో ఉన్న రెండు స్కూళ్లకీ, ఒక మెడికల్ షాపుకీ డబ్బు తీసుకోకుండా సైట్లు చేసిపెట్టాడు. ఇప్పుడొక రిమోట్ ఏజెన్సీ, అంటే అందరూ ఎవరింటి నుంచి వాళ్లు పనిచేస్తూ క్లయింట్లకి సైట్లు చేసిపెట్టే సంస్థ, జూనియర్ వెబ్ డిజైనర్‌గా రమ్మంది. ఎవరు రాశారో కూడా తెలియని మెసేజ్ చూసి దాన్ని వదులుకోబోతున్నాడు. నేను రాజమండ్రిలో మా ఇంటి నుంచే ఏడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఇద్దరు జూనియర్ల పని కూడా చూస్తున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. "రిమోట్ ఏజెన్సీలో వెబ్ డిజైనర్: ఎవరూ చెప్పని ఏడు నిజాలు" అని మొదలవుతుంది. పక్కన సీనియర్ లేకపోతే పని రాదట. ఏజెన్సీలో అంతా టెంప్లేట్ పనేనట, అంటే ముందే తయారైన నమూనాలో పేర్లూ బొమ్మలూ మార్చడం. డిజైనర్ కోడ్ జోలికి పోకూడదట. ఇంగ్లీషు గడగడా మాట్లాడలేనివాళ్లు వెనకబడిపోతారట. ఎదగాలంటే మొదటి రెండేళ్లు రాత్రీ పగలూ ఆన్‌లైన్‌లో కనిపించాలట. ఏఐ వచ్చాక అసలు ఈ పనే ఉండదట. ఏడోది, ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లకి పెళ్లి సంబంధాలు రావట.

ఏడోదానికి డిజైన్‌తో సంబంధం లేదు. వదిలేద్దాం.

ఇంగ్లీషు సంగతి. మా టీమ్‌లో ఒక డెవలపర్ పోలండ్‌లో ఉంటాడు. కాల్‌లో ఇద్దరం ఆగి ఆగి, పదాలు వెతుక్కుంటూ మాట్లాడుకుంటాం. దానివల్ల ఇంతవరకు ఒక్క ప్రాజెక్టూ ఆగలేదు. ఈ పనికి కావలసింది రాసి చెప్పడం. ఏం మార్చాను, ఎందుకు మార్చాను, మీరు ఏం తేల్చాలి, ఈ మూడూ చిన్న వాక్యాల్లో రాయగలిగితే చాలు. "డిజైన్ పంపాను, చూడండి" అని రాస్తే "బాగుంది" అని జవాబొస్తుంది, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. "ఫోన్‌లో రెండు స్క్రీన్లు దాటితే గానీ బుకింగ్ బటన్ కనబడటం లేదు, అందుకని పైకి తెచ్చాను. ధరల పట్టిక దాని కిందకి పోతుంది, ఫరవాలేదా?" అని రాస్తే అవతలివాళ్లు ఆలోచించి జవాబిస్తారు. ఇది పదో తరగతి ఇంగ్లీషుతో అయ్యే పని.

టెంప్లేట్ పని అన్నది కొన్ని ఏజెన్సీల్లో నిజమే. కానీ అది ఆఫీసు ఉన్న ఏజెన్సీల్లోనూ ఉంది. నేను ఒక్క ఏడాదిలో పళ్ల డాక్టరు క్లినిక్‌కి, విత్తనాల కంపెనీకి, ఒక మ్యూజియానికి, రెండు చీరల కొట్లకి సైట్లు చేశాను. విత్తనాల కంపెనీ సైటు చూసేది ఎండలో పొలం గట్టు మీద నిలబడ్డ రైతు. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టి, చాలా నాజూగ్గా ఉందని మురిసిపోయి పంపాను. మా టీమ్ లీడ్ కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకీ వెనక రంగుకీ ఉన్న తేడా, కొలిచి చూపించారు, 2.85 వచ్చింది. మామూలు సైజు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ (సైట్లు అందరూ వాడగలిగేలా ఉండటానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాలు) ప్రకారం కనీసం 4.5 ఉండాలి. ఆ అంకె అంతకుముందు కోర్సులో విన్నదే, బుర్రకెక్కలేదు. మిట్టమధ్యాహ్నం డాబా మీదకి ఫోన్ పట్టుకెళ్లి నా పేజీని నేనే చదవలేకపోయాక ఎక్కింది. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం (వికలాంగులు కూడా వాడుకోగలిగేలా ఉండాలనేది) అమలవుతోంది కాబట్టి అక్కడి క్లయింట్లు ఇప్పుడు ఈ ప్రశ్నే ముందు అడుగుతున్నారు. ఏజెన్సీ పనిలో లోటు లేదని కాదు. సైటు అప్పగించాక దాని గతేమైందో మనకి తెలియదు. అందుకే మూడు నెలల తర్వాత సైటు వాడకం లెక్కలు చూపించమని క్లయింటుని అడిగే అలవాటు చేసుకున్నాను. చాలామంది చూపిస్తారు.

కోడ్ జోలికి పోకూడదు అన్నది రాసినాయన ఒక్క సైటైనా చివరిదాకా చేయించారా అని నా అనుమానం. చీరల కొట్టు సైటుకి "పట్టు వస్త్రాలు" అని పెద్ద శీర్షిక పెట్టాం, రామభద్ర ఫాంట్‌లో. డిజైన్ గీసే ఫిగ్మా టూల్లో చక్కగా ఉంది. సైటులో పెట్టాక కొట్టు యజమాని ఫోన్ చేసి, "అక్షరాల కింద కోసేశారేంటమ్మా?" అన్నారు. చూస్తే "స్త్రా" కింద ఒత్తులు సగానికి తెగిపోయి ఉన్నాయి. ఇంగ్లీషు శీర్షికల కోసం రాసుకున్న లైన్ హైట్ (లైనుకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.1 అలాగే ఉండిపోయింది, పైగా ఆ పెట్టె దాటిన భాగం కనబడకుండా కత్తిరించే రూలు ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరానికి కింద అంత చోటు అక్కర్లేదు. మనకి ఒత్తు కింద ఇంకో ఒత్తు వస్తుంది. సైటు కట్టిన డెవలపర్‌కి తెలుగు రాదు, అతని కంటికి అక్కడ తప్పేమీ లేదు. దాన్ని పట్టుకోవలసింది నేనే. బ్రౌజర్‌లో పేజీ వెనక కోడ్ చూపించే ఇన్‌స్పెక్ట్ తెరిచి, ఏ లైను వల్ల తెగుతోందో కనిపెట్టి, 1.6 చేసి, కత్తిరించే రూలు తీసేస్తే సరిపోతుందని స్క్రీన్‌షాట్‌తో రాసి పంపాను. పది నిమిషాల్లో అయిపోయింది. సీఎస్ఎస్ (పేజీ ఎలా కనబడాలో చెప్పే కోడ్) చదవడం రాకపోతే "తెలుగు సరిగా రావట్లేదు" అని మెసేజ్ పెట్టి రెండు రోజులు కూర్చునేదాన్ని. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ రెస్పాన్సివ్ డిజైన్ (ఏ సైజు తెరకి తగ్గట్టు పేజీ దానికదే మారడం) అనే మాట ముందుకు తెచ్చినప్పటి నుంచి పేజీకి ఒక కొలతంటూ లేదు. బ్రౌజర్‌లో ఏమవుతుందో తెలియకుండా గీసింది బొమ్మగానే మిగులుతుంది.

ఇక పక్కన సీనియర్ లేకపోతే పని రాదన్నది. దీన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ అబద్ధం ఆడలేను, ఇందులో సగం నిజం ఉంది. రిమోట్‌కి రాకముందు విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో పద్నాలుగు నెలలు చేశాను. నా వెనక కుర్చీలో ఒక సీనియర్ మేడం ఉండేవారు. క్లయింటు ఫోన్ చేసి ఇంకో రెండు పేజీలు ఊరికే చేసిపెట్టమంటే ఆవిడ కోప్పడేవారు కాదు, సరేననేవారూ కాదు. "తప్పకుండా చేద్దాం సార్, అయితే ఇప్పుడున్న వాటిలో ఏ రెండు ఆపమంటారో చెప్పండి" అనేవారు. అవతల మనిషి తగ్గేవారు. అది నాకు ఎవరూ నేర్పలేదు, చెవిన పడింది. రిమోట్‌లో అలా చెవిన పడేది ఏమీ ఉండదు. మొదటి ఉద్యోగమే రిమోట్ అయినవాళ్లకి ఈ లోటు పెద్దదే. దాన్ని కాదని వాదించను. మా జూనియర్లని వారానికి రెండు క్లయింటు కాల్స్‌లో మైక్ ఆపేసి కూర్చోబెడుతున్నాను. అది ఆ వెనక కుర్చీకి సమానం కాదు, కానీ కొంత పని చేస్తోంది.

మిగతా సగం మాత్రం తప్పు. ఆఫీసులో నా డిజైన్ మీద అన్న మాటలన్నీ గాలిలో కలిసిపోయాయి. రిమోట్‌లో మొదటి ఏడాది మా లీడ్ రాసిన కామెంట్లు ఇప్పటికీ ఫైళ్లలో ఉన్నాయి. "కార్డు లోపల ఖాళీ 32, కార్డుల మధ్య 16. ఏది దేనికి చెందిందో కంటికి తెలియడం లేదు." ఇంతే, రెండు వాక్యాలు. కార్డంటే పేజీలో ఒక్కో విషయం పెట్టే పెట్టె, ఆ అంకెలు ఖాళీల కొలతలు. అది నేను పదిసార్లు చదివాను. మా జూనియర్లకి చూపించాను. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ 2005లో మొదలైంది, మొదటినుంచీ వాళ్ల మనుషులు తలా ఒక ఊళ్లో ఉండే పని చేస్తున్నారు. రాతపూర్వకంగా పని నేర్పడం, నేర్చుకోవడం కొత్త ప్రయోగమేమీ కాదు. లీడ్ కామెంట్లు రాయని ఏజెన్సీలో చేరితే మాత్రం నిజంగానే ఏమీ రాదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన పాయింటు. చాట్‌లో మన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగితే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు, దాని గురించి. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు: "గ్రీన్ చుక్క ఆరిందంటే నీ మీద నమ్మకం ఆరినట్టే. క్లయింటు అర్ధరాత్రి అడిగినా అరగంటలో పంపేవాడే సీనియర్ అవుతాడు. మొదటి రెండేళ్లు నిద్ర గురించి ఆలోచించకు."

ఇది ఇరవై రెండేళ్ల పిల్లలకి ఇచ్చే సలహానా?

నేను ఈ సలహా పాటించాను. రెండో ఏడాది అప్పుడు అమెరికా క్లయింటు ఒకరు ఉండేవారు. ఆన్‌లైన్ అమ్మకాల సైటు. ఒక రాత్రి ఒకటీ నలభై ఐదుకి, కుకీల నోటీసు పట్టీని కింద పెట్టమని మెసేజ్ వచ్చింది. అప్పటికి పదహారు గంటలుగా లాప్‌టాప్ ముందే ఉన్నాను. ఐదు నిమిషాల్లో మార్చాను, "డన్" అని పెట్టాను, శభాష్ అని ఎమోజీ వచ్చింది. స్టేజింగ్‌లో, అంటే పరీక్షకి పెట్టుకున్న కాపీలో, మార్చాననుకుని జనం వాడే లైవ్ సైటులోనే మార్చేశాను. ఫోన్‌లో ఆ పట్టీ వెళ్లి డబ్బు కట్టే బటన్ మీద కూర్చుంది. పొద్దున తొమ్మిదింటికి గానీ ఎవరూ చూడలేదు. ఆ ఏడు గంటలూ ఫోన్ నుంచి కొనేవాళ్లెవరూ డబ్బు కట్టలేకపోయారు. ఆ బటన్ ఎక్కడుందో నాకు తెలియక కాదు, దాన్ని డిజైన్ చేసిందే నేను. నిద్ర లేక జరిగింది. ఆ రాత్రంతా నా చుక్క ఆకుపచ్చగానే ఉంది.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఉంది, నరసరావుపేట వైపు. కిందటి ఏడాది వాళ్ల అన్నయ్య నిశ్చితార్థంలో ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు సెలవు పెట్టుకుంది కూడా. "చుక్క ఆరితే ఏమనుకుంటారోనని టెన్షన్ అక్కా" అంది. ఈ భయం ఆ పిల్లకి మా ఏజెన్సీలో ఎవరూ పెట్టలేదు. ఇలాంటి మెసేజ్‌లు పెట్టాయి. అప్పటికి మూడు నెలలుగా తన డిజైన్లన్నీ ఒకేలా వస్తున్నాయి, కారణం నాకు ఆ రోజు అర్థమైంది. ప్రతిదీ అడిగిన అరగంటలో పంపేస్తోంది. మన చేతి పనిలో తప్పు మనకి కనబడాలంటే ఒక రాత్రి గడవాలి. పొద్దున్నే కొత్త కళ్లతో చూసి, "ఇదేంటి ఇలా పెట్టాను" అని మనమే దిద్దుకోవడంలోనే పని వస్తుంది. అరగంటలో పంపేవాళ్లకి ఆ పొద్దున ఎప్పుడూ రాదు. ఇద్దరం కూర్చుని తన పని గంటలు రాసి టీమ్ ఛానల్‌లో పెట్టాం, ఉదయం పదకొండు నుంచి రాత్రి ఏడున్నర. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. రెండు నెలలకి తన మ్యూజియం పేజీ చూసి మా లీడ్ దిద్దమని ఒక్క కామెంట్ కూడా పెట్టలేదు.

గంటల లెక్కయినా చూశారా ఇది రాసినవాళ్లు? ఎండాకాలంలో లండన్‌కీ మనకీ తేడా నాలుగున్నర గంటలు. వాళ్ల ఉదయం తొమ్మిది మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. సాయంత్రం ఏడుకి మనం లేచిపోయినా ఐదున్నర గంటలు ఇద్దరం కలిసి ఉన్నట్టే. న్యూయార్క్‌లో తొమ్మిదంటే మనకి ఎండాకాలం సాయంత్రం ఆరున్నర, చలికాలం ఏడున్నర. రోజూ ఒక గంట కలిస్తే చాలు, మిగతాది రాసి పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియా నిజంగానే కష్టం, వాళ్లకి తెల్లారేసరికి మనకి రాత్రి. దానికి వారంలో రెండు రాత్రులు ముందే ఒప్పుకుని, మర్నాడు ఆలస్యంగా మొదలుపెడతారు. రోజంతా, రాత్రంతా ఉండమని అడిగే ఏజెన్సీ దగ్గర పనికి సరిపడా మనుషులు లేరని అర్థం. ఆ కొరతని మన నిద్రతో పూడ్చుకోనివ్వకూడదు.

ఏఐ గురించి రెండు మాటలు. చిన్న ల్యాండింగ్ పేజీలు (ప్రకటన నొక్కితే తెరుచుకునే ఒక్క పేజీ సైట్లు), బ్యానర్లు తగ్గాయి, నాకూ తగ్గాయి. అవి చేస్తూనే నేను పని నేర్చుకున్నాను కాబట్టి జూనియర్ల విషయంలో నాకూ బెంగగానే ఉంది. కానీ మొన్న ఒక టూల్‌తో తెలుగు పేజీ చేయించి చూస్తే శీర్షికకి మళ్లీ అదే 1.1 పెట్టింది, ఒత్తులు మళ్లీ తెగాయి. కొట్టు యజమాని ఫోన్ చేస్తే ఎత్తేదీ, తెగింది ఎక్కడో వెతికేదీ ఇప్పటికీ మనుషులే.

మా తమ్ముడికి నిన్న రాత్రి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఆఫర్‌కి జవాబిచ్చే ముందు ఆ ఏజెన్సీని మూడు ప్రశ్నలు అడగమన్నాను: నా డిజైన్ మీద ఎవరు, ఎంత తరచుగా కామెంట్లు రాస్తారు? క్లయింటు కాల్స్‌లో వింటూ కూర్చోనిస్తారా? పని గంటలు ఎప్పటినుంచి ఎప్పటివరకు? పొద్దున్నే మెయిల్ పెట్టాడు. సాయంత్రానికి మొదటి రెండిటికీ వివరంగా జవాబొచ్చింది, కామెంట్లు రాసే ఆవిడ పేరుతో సహా. మూడోదానికి "ఫ్లెక్సిబుల్" అని ఒక్క ముక్క రాశారు. ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకానో అంకెల్లో రాయమని మళ్లీ అడగమన్నాను. అది వచ్చేదాకా సంతకం పెట్టొద్దన్నాను.