బుడమేరు బురద ఎత్తినదాన్ని, కుక్కరు తోమలేనా?

"ఏడీహెచ్‌డీ అనేది బద్ధకానికి ఇంగ్లీషు పేరు. మన అమ్మమ్మల కాలంలో ఉందా? నచ్చిన పనైతే గంటలు చేస్తారు, ఇల్లు ఊడవమంటేనే జబ్బు గుర్తొస్తుంది. గోడకి టైమ్‌టేబుల్ అంటించి 21 రోజులు పాటిస్తే అదే అలవాటవుతుంది."

ఈ వాట్సాప్ మెసేజ్ మా చుట్టాల గ్రూపులోకే ఈ నెల మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా బాబాయి. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస, నిలకడ కుదరనివ్వని మెదడు సమస్య. పోయినేడాదే డాక్టరు దగ్గర ఆ పేరు విని వచ్చినదాన్ని, ఊరుకోబుద్ధి కాలేదు.

అమ్మమ్మల సంగతి తొందరగా తేలిపోతుంది. ఇప్పటి పేరు 1987లో వచ్చింది, నిజమే. కానీ నిలకడ లేని పిల్లల గురించి జార్జ్ స్టిల్ అనే డాక్టరు 1902లోనే లండన్‌లో ఉపన్యాసాలిచ్చాడు. మన ఇళ్ళల్లో డాక్టరు దాకా పోలేదు, "మాలోకం" అని మనమే పేరు పెట్టేశాం.

ఇక నచ్చిన పని. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళు విజయవాడలో మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చాయి. నీళ్ళు దిగాక గచ్చంతా చీలమండ లోతు బురద. రెండు రోజులు నేనే పార పట్టి ఎత్తాను, గోడలు కడిగాను. "అప్పుడు చేశావుగా, ఇప్పుడేం రోగం?" అంటారు. రోగం అదే మరి! తల మీదికొచ్చిన పనికి నా బుర్ర వెంటనే లేస్తుంది, రోజూ ఉండే పనికి లేవదు. ముఖ్యమైన పని అని తెలిసినా లేవదు.

మొన్న కుక్కరు తోముదామని లేచాను. అంట్ల సబ్బు అయిపోయింది. కొత్తది తీద్దామని అలమార తెరిస్తే కరెంటు బిల్లు కనపడింది. కట్టానో లేదో చూద్దామని ఫోన్ పట్టుకున్నాను. గంట తర్వాత చూస్తే అలమార తలుపు బార్లా తెరిచే ఉంది, కుక్కరు అడుగున మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. బద్ధకమైతే ఆ గంట కాస్త హాయిగానైనా గడిచేది.

21 రోజుల లెక్క ఒక ప్లాస్టిక్ సర్జన్‌ది. ఆపరేషన్ అయినవాళ్ళు కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పట్టిందని 1960లో రాశాడు. చీపురు ఊసే లేదు. తర్వాత లండన్‌లో 96 మందితో చేసిన పరిశీలనలో చిన్న చిన్న అలవాట్లకే 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. నేనూ టైమ్‌టేబుల్ అంటించాను. నాలుగో రోజుకి అది గోడలో కలిసిపోయింది.

ఒకటి ఒప్పుకుంటాను. ఇల్లు చిందరవందరగా ఉన్న ప్రతివాళ్ళకీ ఇది ఉన్నట్టు కాదు. లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, ఇంట్లోనే కాక బయటా కనపడాలి. నా ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డులో "పరధ్యానం" అని టీచరు రాసింది డాక్టరు రెండుసార్లు చదివారు.

ఇప్పుడు గదికో చీపురు పెట్టుకున్నాను, తలుపు వెనక దాచకుండా కళ్ళ ముందే. అక్కతో స్పీకర్‌లో మాట్లాడుతూ బట్టలు మడతపెడతాను. పొద్దున చెత్తబండి వచ్చేలోపు వంటగది. మిగతాది చుట్టాలు వస్తేనే.

ఆదివారం వస్తానన్నారుగా బాబాయ్, బస్టాండ్‌లో దిగాక ఒక ఫోన్ కొట్టండి. మీరు ఆటో ఎక్కి సింగ్‌నగర్ చేరేలోపు ఇల్లు అద్దంలా ఉంటుంది.