పోలార్డ్‌కు ఆ స్థానం ఏడాది ముందే దక్కాల్సింది

అమెరికన్ ఫుట్‌బాల్‌ను దగ్గరగా గమనించేవాళ్లలో ఒక తీర్పు దాదాపు ఖాయమైపోయింది. 2022లో డాలస్ కౌబాయ్స్ జట్టులో ఎజికీల్ ఎలియట్‌ను వెనక్కి జరిపి టోనీ పోలార్డ్‌ను ప్రధాన రన్నింగ్ బ్యాక్‌గా ఆడించాలని వాదించినవాళ్లు తొందరపడ్డారని, మరుసటి ఏడాది ఆ స్థానం దక్కగానే పోలార్డ్ తేలిపోయాడని ఆ తీర్పు సారాంశం. 2023 అంకెలు చూపించి ఎవరు ఈ మాట అన్నా నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పోలార్డ్ ఆ స్థానానికి 2022లోనే అర్హుడు. ఆలస్యం చేసింది జట్టు, మూల్యం చెల్లించింది అతను.

కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, సాధన మైదానం ఉన్నది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో ఊళ్లలో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. ఈ జట్టు గురించి తెలుగులో వాదించుకునేవాళ్లు అక్కడ తక్కువేమీ కాదు. ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే ఆటే గుర్తొచ్చే ఇక్కడి పాఠకుల కోసం మాత్రం రెండు ముక్కలు చెప్పాలి. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని దూరంగా విసరవచ్చు, లేదా తన వెనుక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టవచ్చు. అతను దాన్ని పొట్టకు అదుముకుని, 130 కిలోలు దాటిన భారీకాయుల మధ్య సందు వెతుక్కుని దూసుకుపోవాలి. ఒక్కో పరుగుకు సగటున నాలుగు గజాలు వస్తే ఫర్వాలేదంటారు. ఐదు దాటితే అది గొప్ప ఏడాది.

ఎలియట్ మామూలు ఆటగాడు కాడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో నాలుగోవాడిగా ఎంపికై, మొదటి ఏడాదే 1,631 గజాలతో ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ మొత్తానికీ అగ్రస్థానంలో నిలిచాడు. 2018లో 1,434 గజాలతో మళ్లీ అతనే మొదటివాడు. ఆ బలంతోనే 2019 సెప్టెంబరులో ఆరేళ్లకు 9 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం సాధించాడు. అందులో 5 కోట్లకు హామీ ఉంది. అదే 2019లో నాలుగో రౌండులో, 128వ ఆటగాడిగా, పెద్ద ఆర్భాటమేమీ లేకుండా జట్టులోకి వచ్చినవాడు పోలార్డ్.

2022 సీజన్ ముగిసేసరికి ఎలియట్ 231 పరుగుల్లో 876 గజాలు సాధించాడు. పోలార్డ్ 193 పరుగుల్లోనే 1,007 గజాలు చేశాడు. సగటు ఒకరిది 3.8, మరొకరిది 5.2. పైగా పోలార్డ్ క్వార్టర్‌బ్యాక్ విసిరిన 39 పాస్‌లు అందుకుని ఇంకో 371 గజాలు కలిపాడు. ఎలియట్ అందుకున్న పాస్‌లు 17, గజాలు 92. ఇంత తేడా ఉన్నా మొదట మైదానంలోకి దిగేది, ఎక్కువసార్లు బంతి మోసేది ఎలియటే.

ఎలియట్ పక్షాన చెప్పే వాదనలు తేలిగ్గా తీసిపారేయదగ్గవి కావు. వాటిలో బలమైనది బంతి చేతిలో లేనప్పుడు అతను చేసే పని. క్వార్టర్‌బ్యాక్ పాస్ విసరడానికి వెనక్కి తగ్గిన క్షణంలో ప్రత్యర్థి లైన్‌బ్యాకర్ ఒకడు ఊహించని వైపు నుంచి పూర్తి వేగంతో దూసుకొస్తాడు. అతన్ని ముందే పసిగట్టి, దారికి అడ్డంగా వెళ్లి, ఛాతీతో ఢీకొని ఆపాల్సింది రన్నింగ్ బ్యాకే. ఈ పనిలో ఎలియట్ లీగ్‌లోని మేటి ఆటగాళ్లలో ఒకడు. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బొటనవేలు విరిగి ఐదు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అలాంటి ఏడాది కోచ్‌లు క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడగలవాడి వైపు మొగ్గడం అర్థం చేసుకోదగ్గదే. సగటు మాటకొస్తే, ఒక్క గజం కావాల్సిన చోట అందరికీ తెలిసిన దారిలోనే దూరి రెండు గజాలు తెచ్చినవాడు తన పని పూర్తి చేసినట్టే, కానీ లెక్కలో అతని సగటు పడిపోతుంది. ఎలియట్ ఆ ఏడాది చేసిన 12 టచ్‌డౌన్‌ల (అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) వెనుక ఉన్నది ఎక్కువగా ఇలాంటి మొరటు కష్టమే. పోలార్డ్ పరుగుతో చేసినవి 9.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా ఎలియట్‌కే మొదటి స్థానం ఎందుకన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఒక్క గజం అవసరమైనప్పుడు, పాస్‌కు రక్షణ కావాల్సినప్పుడు అతన్ని దింపవచ్చు. మామూలు మొదటి ప్రయత్నంలో, మైదానం మధ్యలో, ముందు ఎంతో దూరం ఖాళీగా ఉన్నప్పుడు బంతి ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు విషయం.

దానికి జవాబు అక్టోబరు 30న షికాగో బేర్స్‌తో మ్యాచ్‌లో దొరికింది. మోకాలి గాయంతో ఎలియట్ బయట కూర్చున్నాడు. పోలార్డ్ 14 పరుగుల్లో 131 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. అందులో ఒకటి 54 గజాల పరుగు. సగటును ఒక్క పెద్ద పరుగు పెంచేసిందని అంటారేమో, దాన్ని తీసేసి లెక్క కట్టినా మిగిలిన 13 పరుగుల్లో 77 గజాలున్నాయి. ఒక్కోదానికి దాదాపు ఆరు. కౌబాయ్స్ 49–29తో గెలిచింది. తర్వాతి మ్యాచ్‌లో గ్రీన్ బే చేతిలో జట్టు ఓడినా, అతను 22 సార్లు బంతి మోసి 115 గజాలు చేశాడు. ఎక్కువ పని ఇస్తే నీరసపడతాడన్న అనుమానానికి ఇంతకంటే ఏ సమాధానం కావాలి? ఆ తర్వాత మిన్నెసోటాపై 40–3తో గెలిచిన రోజున ఎలియట్ తిరిగొచ్చాడు. ఇద్దరికీ సరిగ్గా 15 పరుగులు ఇచ్చారు. పోలార్డ్‌వి 80 గజాలు, ఎలియట్‌వి 42. పోలార్డ్ అందుకున్న పాస్‌లతో మరో 109 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు వచ్చాయి. ఎలియట్ కూడా దగ్గర నుంచి రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. నేను చెబుతున్న పని విభజన ఎలా ఉండాలో ఆ ఒక్క మ్యాచే చూపించింది.

షికాగో మ్యాచ్ ముగిశాక జట్టు యజమాని జెర్రీ జోన్స్ మాత్రం తమ నడక ఎలియట్‌ను బట్టే ఉంటుందని విలేకరుల ముందు తేల్చి చెప్పాడు. మూడు టచ్‌డౌన్‌లు చేసిన ఆటగాడు అదే భవనంలో ఉన్నప్పుడు అన్న మాట ఇది. 9 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని సమర్థించుకోవాలంటే ఆ డబ్బు తీసుకున్నవాడు మైదానంలో ముందుండాలి. జట్టు అవసరం కన్నా చేసిన ఖర్చును నిలబెట్టుకోవాలన్న పట్టుదలే ఇక్కడ పైచేయి అయిందని నేను నమ్ముతున్నాను.

మరే స్థానంలోనైనా ఒక ఏడాది ఆగితే కొంపలు మునగవు. రన్నింగ్ బ్యాక్‌కు అలా కుదరదు. 2016 నుంచి 2022 దాకా డాలస్‌లో ఆడిన ఏడేళ్లలో ఎలియట్ 1,881 సార్లు బంతి మోశాడు. అంటే దాదాపు అన్నిసార్లు పూర్తి వేగంతో ఒకరినో ఇద్దరినో ఢీకొని నేలకూలాడు. 2016లో 5.1గా ఉన్న సగటు 3.8కి దిగిందంటే తప్పు అతనిది అనలేం, ఆ శరీరాన్ని అంతగా వాడుకున్నారు. 2024లో 30 ఏళ్ల వయసులో డెరిక్ హెన్రీ 1,921 గజాలు చేశాడని ఉదాహరణ చూపేవాళ్లు ఉంటారు. అలాంటి శరీరం తరానికి ఒకరిద్దరికి ఉంటుంది. మిగతావాళ్లకు మంచి కాలం మూడు నాలుగేళ్లే. ఆ కాలంలో వాడుకోకపోతే తర్వాత ఇచ్చేది అవకాశం అనిపించుకోదు.

పోలార్డ్ విషయంలో జరిగింది అదే. 2023 జనవరి 22న శాన్ ఫ్రాన్సిస్కోతో ప్లేఆఫ్ మ్యాచ్‌లో, రెండో క్వార్టర్ చివర్లో, వెనుక నుంచి పట్టుకున్న ఆటగాడి బరువంతా అతని కాలి మీద పడింది. ఎడమకాలి ఫిబులా ఎముక విరిగింది, చీలమండ బెణికింది. (ఇలా వేలాడి కాళ్ల మీద పడే పద్ధతిని లీగ్ 2024 మార్చిలో నిషేధించింది. ఎప్పుడో చేయాల్సిన పని.) కౌబాయ్స్ 19–12తో ఓడింది. ఆ మార్చిలో ఎలియట్‌ను వదిలేసి, పోలార్డ్‌ను ఫ్రాంచైజీ ట్యాగ్ (ఒప్పందం ముగిసిన ఆటగాడిని జట్టు మరో ఏడాది అట్టిపెట్టుకునే వీలు) కింద కోటి డాలర్లకు కాస్త పైన, ఒక్క ఏడాదికి కట్టిపడేశారు.

ఎముక అతికి, శస్త్రచికిత్స జరిగిన చీలమండతో వచ్చిన మనిషికి అప్పుడు ప్రధాన స్థానం ఇచ్చారు. ఆట వ్యూహం నడిపే కెలెన్ మూర్ వెళ్లిపోయి, ఆ బాధ్యత హెడ్ కోచ్ మైక్ మెకార్తీ చేతికి వచ్చింది. దగ్గరి గజాల భారం పంచుకునే ఎలియట్ లేడు. పరుగులు, పాస్‌లు కలిపి 232 సార్లు బంతి పట్టినవాడు ఈసారి 307 సార్లు పట్టాడు. అయినా పరుగులో 1,005 గజాలు చేశాడు, సగటు 4.0. గోల్ గీత దగ్గర ఇబ్బంది పడ్డ మాట నిజమే, పరుగుతో వచ్చిన టచ్‌డౌన్‌లు ఆరే. ఈ అంకెలు తెచ్చి, చూశారా, 2022లో ఇచ్చి ఉంటే ఇలాగే ఉండేది అంటే ఎలా? గాయం కాని కాలితో, పక్కన ఎలియట్ ఉండగా, మూర్ వ్యూహంలో ఆడే 2022 పోలార్డ్‌ను ప్రధాన స్థానంలో ఎవరూ చూడనే లేదు. చూసిన కొద్ది మ్యాచ్‌లలో ఏం జరిగిందో పైన చెప్పాను. ఆ తర్వాత టెనెసీకి వెళ్లి, 2024లో మూడంటే మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టులోనూ 1,079 గజాలు చేశాడు. తేలిపోయినవాడి లక్షణం కాదది.

కౌబాయ్స్ దీని నుంచి నేర్చుకుని ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. 2024లో ఎలియట్‌ను వెనక్కి తెచ్చుకుని, డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంపిక చేయని రికో డౌడిల్‌తో పని పంచారు. సీజన్ సాగేకొద్దీ డౌడిల్‌కు పూర్తి పని అప్పగించక తప్పలేదు, అతనూ సరిగ్గా పోలార్డ్ చేసినన్ని, 1,079 గజాలు చేశాడు. ఎలియట్ ఆ ఏడాది చేసినవి 226. సీజన్ ముగియగానే డౌడిల్‌ను కెరొలైనా పాంథర్స్‌కు పోనిచ్చారు. 2025 అక్టోబరులో అదే డౌడిల్ కౌబాయ్స్ మీద 183 గజాలు పరుగెత్తి 30–27తో తన జట్టును గెలిపించాడు. కెరొలైనాలో ప్రధాన స్థానం అప్పటికి చుబా హబ్బర్డ్‌ది, నాలుగేళ్ల ఒప్పందం చేతిలో ఉన్నవాడు. అతను గాయం నుంచి కోలుకుని వచ్చాక రెండు మ్యాచ్‌ల పాటు పని ఇద్దరికీ పంచారు. ఆ తర్వాత కోచ్ డేవ్ కెనాలెస్ ఒప్పందం సంగతి పక్కనపెట్టి డౌడిల్‌ను ముందుకు తెచ్చాడు. ఆ వారమే గ్రీన్ బేపై డౌడిల్ 130 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు చేశాడు, పాంథర్స్ 16–13తో గెలిచింది.