పోలీసు కారు వెనుక సీట్లో కెమెరా

పోలీసులు రాత్రిళ్లు ఏం చేస్తున్నారో జనానికి తెలియాల్సిందే. వాళ్ల పని కెమెరాలో రికార్డు కావాల్సిందే. కానీ ఆ రికార్డును ఒక టీవీ కంపెనీ సరుకుగా అమ్ముకోవడానికి మాత్రం ఏ పోలీసు శాఖా ఒప్పుకోకూడదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2021లో చట్టం చేసి, పోలీసు శాఖలు టీవీ రియాలిటీ కార్యక్రమాలతో చేసుకునే ఈ ఒప్పందాలను ఆపేసింది. మనం ఉంటున్న మిగతా రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం రావాలి, దానికోసం మన తెలుగు సంఘాలు నోరు విప్పాలి.

అసలు ఈ కార్యక్రమాలు ఎలా తయారవుతాయో చూద్దాం. పోలీసుల వెంట తిరిగి తీసే 'కాప్స్' 1989 మార్చి 11న ఫాక్స్‌లో మొదలైంది. మొదటి సీజను ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ షెరీఫ్ శాఖతో తీశారు. అంతకుముందు ఏడాది టీవీ, సినిమా రచయితల సమ్మె జరిగింది. రచయితలు, నటులు అక్కర్లేని కార్యక్రమం చానెల్‌కు చవకగా దొరికింది. ఒక కెమెరామన్, ఒక సౌండ్ మనిషి షిఫ్టు మొత్తం పోలీసు కారులోనే తిరుగుతారు. అరగంట ఎపిసోడ్‌లో ప్రకటనలు పోగా మిగిలేది 22 నిమిషాలు, అందులో మూడు ఘటనలు. ట్రాఫిక్ స్టాప్‌లో కాగితాలు సరిగ్గా ఉండి వెళ్లిపోయినవాళ్లు, మాటలతో సర్దుకుపోయిన గొడవలు ఎడిటింగ్ బల్ల మీదే రాలిపోతాయి. పరుగు, పెనుగులాట, బేడీలు మిగులుతాయి. ఇలాంటి కార్యక్రమాల ఒప్పందాల్లో ప్రసారానికి ముందే ఫుటేజీ చూసే అవకాశం పోలీసు శాఖకు ఉండటం మామూలే. తెరమీది మనిషికి ఆ అవకాశం లేదు.

నేరం రుజువయ్యేదాకా అందరూ నిర్దోషులే అని మొదట్లో ఒక మాట చెబుతారు. ఆ తర్వాత కేసు కొట్టేశారా, చార్జీ తగ్గించారా, జ్యూరీ వదిలేసిందా అన్నది చూసేవాడికి తెలియదు. కథ బేడీలతోనే ఆగిపోతుంది.

ముఖం చూపించడానికి రిలీజ్ కాగితం మీద సంతకం కావాలని, లేకపోతే మసక చేస్తామని 'కాప్స్' లాంటివాళ్లు చెబుతారు. ఆ సంతకం ఎప్పుడు తీసుకుంటారన్నది ముఖ్యం. అప్పుడే బేడీలు పడినవాడికి, మత్తులో ఉన్నవాడికి, ఇంగ్లీషు సరిగ్గా రానివాడికి తన ముందు పెట్టిన కాగితం పోలీసులదో కంపెనీదో తేడా ఎలా తెలుస్తుంది? 2016 అక్టోబరులో ఏ అండ్ ఈ చానెల్‌లో మొదలైన 'లైవ్ పీడీ' ఆ బాధ కూడా పెట్టుకోలేదు. ఇది వార్తా ప్రసారం కాబట్టి అనుమతి అక్కర్లేదంది. లైవ్ అన్న పేరే కానీ నిమిషాల కొద్దీ ఆలస్యంతోనే తెరమీదికి వచ్చేది.

ఇంటి గడప దగ్గర మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. 1992 ఏప్రిల్‌లో మేరీల్యాండ్‌లోని రాక్‌విల్‌లో తెల్లవారుజామున మార్షల్స్, పోలీసులు ఒక ఇంట్లోకి వెళ్లారు. వాళ్లు వెతుకుతున్న ఆ ఇంటి కొడుకు అక్కడ లేడు. లోదుస్తుల్లోనే మంచం దిగి వచ్చిన తండ్రిని నేలమీద పడుకోబెట్టారు, తల్లి నైట్ గౌనులో నిలబడి ఉంది. పోలీసుల వెంట వచ్చిన పత్రికా ఫొటోగ్రాఫర్ ఇదంతా ఫొటోలు తీశాడు. 'విల్సన్ వర్సెస్ లేన్' పేరుతో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆ కేసులో 1999లో న్యాయమూర్తులంతా ఒకే మాట చెప్పారు. వారంటు అమలుతో సంబంధం లేని విలేకరులను ఇంట్లోకి వెంటబెట్టుకు వెళ్లడం, అన్యాయమైన సోదాల నుంచి కాపాడే రాజ్యాంగం నాలుగో సవరణను ఉల్లంఘించడమేనని తేల్చారు. కానీ అప్పటికి చట్టం అంత స్పష్టంగా లేదంటూ ఆ పోలీసులు నష్టపరిహారం కట్టకుండా బయటపడ్డారు.

ఆ తీర్పు గడప లోపలికే వర్తిస్తుంది, దాడికి కెమెరా వెంట రావడాన్ని ఆపదు. 2010 మే 16 అర్ధరాత్రి దాటాక డెట్రాయిట్‌లో ఒక ఇంటిమీద పోలీసులు దాడి చేసినప్పుడు హత్య కేసుల దర్యాప్తు చూపించే టీవీ కార్యక్రమం 'ద ఫస్ట్ 48' కెమెరా బృందం వెంట ఉంది. కిటికీలోంచి పెద్ద వెలుగు, చప్పుడుతో దిమ్మదిరిగేలా చేసే ఫ్లాష్ బ్యాంగ్ గ్రెనేడ్ విసిరారు. లోపల సోఫాలో నిద్రపోతున్న ఏడేళ్ల పాప పోలీసు తూటాకు చనిపోయింది. వాళ్లు వెతుకుతున్న మనిషి పైఅంతస్తు వాటాలో దొరికాడు. కాల్చిన అధికారి మీద రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీ తేల్చలేకపోయింది, 2015లో కేసు మూసేశారు. కెమెరా లేకపోతే ఆ దాడి వేరేగా జరిగేదని ఎవరూ నిరూపించలేరు. కానీ ఇంట్లో పిల్లలు ఉండొచ్చన్న ఆలోచన ఉన్నచోట తెల్లారేదాకా ఆగి, మనిషి బయటికి వచ్చినప్పుడు పట్టుకునే పద్ధతి ఉంది. అది టీవీకి పనికిరాదు.

టెక్సాస్ కేసును ఇంకాస్త దగ్గరగా చూడాలి. 2019 మార్చి 28 అర్ధరాత్రి దాటాక ఆస్టిన్ పక్కనున్న విలియమ్సన్ కౌంటీ షెరీఫ్ డిప్యూటీలు హావియర్ ఆంబ్లర్ అనే 40 ఏళ్ల నల్లజాతి మనిషి కారును వెంబడించారు. కారణం, ఎదురుగా వస్తున్న బండికి హెడ్‌లైట్లు డిమ్ చేయలేదట. 22 నిమిషాల వెంటాట. కారు ఆగాక కరెంటు షాక్ ఇచ్చే టేజర్ పలుమార్లు వాడారు. నాకు గుండె జబ్బు ఉంది, ఊపిరి ఆడటం లేదు అని అతను చెబుతున్నది పోలీసు ఒంటిమీది కెమెరా బాడీక్యామ్‌లో వినబడుతుంది. అతను చనిపోయాడు. అక్కడే ఉన్న 'లైవ్ పీడీ' బృందం అంతా తీసింది. అది ప్రసారం కాలేదు. ఆ తర్వాత చానెల్ ఆ ఫుటేజీని చెరిపేసింది. ఏడాది దాటాక, 2020 జూన్‌లో స్థానిక విలేకరుల పట్టుదల వల్ల ఈ చావు సంగతి జనానికి తెలిసింది. రెండు రోజుల్లోనే కార్యక్రమం రద్దయింది. అతని కుటుంబానికి కౌంటీ 50 లక్షల డాలర్లు చెల్లించింది. ఇద్దరు డిప్యూటీలను 2024లో జ్యూరీ నిర్దోషులుగా వదిలింది. ఒక మనిషి చావుకు సాక్ష్యాన్ని, అది మా ఆస్తి అనుకున్న కంపెనీ తుడిచేసింది. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. బాడీక్యామ్ రికార్డు ప్రభుత్వ రికార్డు, దాన్ని ఎంతకాలం దాచాలో నియమం ఉంటుంది, లాయరు అడగొచ్చు. టీవీవాళ్ల ఫుటేజీకి అలాంటి లెక్క లేదు.

టెక్సాస్ చట్టానికి ఆంబ్లర్ పేరే పెట్టారు. అయినా బయట ఈ వ్యాపారం ఆగలేదు. 2020లో రద్దయిన 'కాప్స్' మరుసటి ఏడాది ఫాక్స్ నేషన్‌లో తిరిగి వచ్చింది. 2022 జూలైలో రీల్జ్ చానెల్‌లో 'ఆన్ పెట్రోల్: లైవ్' 'లైవ్ పీడీ' వ్యాఖ్యాతతోనే, దాని తీరులోనే మొదలైంది.

మనవాళ్లకు ఇప్పుడు దగ్గరగా తగులుతున్నది వీటి తర్వాతి రూపం, యూట్యూబ్ బాడీక్యామ్ చానెళ్లు. సమాచార చట్టం కింద అర్జీ పెట్టి అరెస్టు వీడియో తెప్పించుకుంటారు, కత్తిరిస్తారు, పెద్దక్షరాల శీర్షిక తగిలిస్తారు. అర్జీల తాకిడికి ఒహాయోలో గంట వీడియోకు 75 డాలర్ల దాకా, మొత్తం మీద 750 డాలర్లకు మించకుండా రుసుము వసూలు చేయొచ్చని చట్టం మార్చారు. నార్త్ కరోలినాలో బాడీక్యామ్ వీడియో బయటికి రావాలంటే మామూలుగా కోర్టు ఉత్తర్వు ఉండాలి. స్టోరులో సెల్ఫ్ చెకవుట్ దగ్గర పట్టుబడిన మన విద్యార్థుల వీడియోలు ఇలాగే వచ్చి, గంటల్లో తెలుగు చానెళ్లకూ వాట్సాప్ గ్రూపులకూ చేరుతున్నాయి. తప్పు చేసినవాళ్లను వెనకేసుకు రమ్మని అనడం లేదు. కోర్టు వాయిదా రాకముందే ఊళ్లో తల్లిదండ్రుల ఫోన్ మోగేలా చేయడం శిక్షకు పైన ఇంకో శిక్ష. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల దగ్గర ఇదే చూశాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం, మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మెషిన్‌లో అంకె పడకముందే చున్నీతో ముఖం దాచుకుంటున్న ఆడపిల్ల వెంట మైకు పట్టుకుని పరుగెత్తడం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

వీసా మీద ఉన్నవాళ్లకు అరెస్టు అన్న మాటే బరువు. మద్యం తాగి నడిపిన కేసులో శిక్ష పడకపోయినా, అరెస్టు చాలు, విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. పౌరసత్వ దరఖాస్తులో కొట్టేసిన కేసు కూడా చెప్పాలి. అందుకే కేసు ముగిసిన రోజే కోర్టు క్లర్కు దగ్గర కేసు ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ డిస్పొజిషన్ తీసుకుని దాచుకోవాలి. వీడియోకు జవాబు చెప్పగల కాగితం అదొక్కటే.

పోలీసుల వెంట టీవీ బృందం కనబడితే కంగారు పడొద్దు. రోడ్డు మీద వాళ్లు తీయకుండా ఆపలేం. చేతులు స్టీరింగ్ మీద ఉంచి లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు పోలీసుకు ఇవ్వండి. మైకు పట్టుకున్నవాడి ప్రశ్నలకు జవాబు ఇవ్వక్కర్లేదు. కాగితం చాపితే ఇది టికెట్టా (చలానా), రిలీజా అని అడగండి. టికెట్ మీద సంతకం పెట్టనంటే చాలా రాష్ట్రాల్లో చిక్కు. అది తప్పు ఒప్పుకోవడం కాదు, పెట్టేయండి. రిలీజ్ మీద సంతకం పెట్టక్కర్లేదు. ఇంటికి వారంటుతో వస్తే పోలీసులకు అడ్డుపడకండి. కెమెరా బృందం లోపలికి రావడానికి మాత్రం ఒప్పుకోవడం లేదని బయటికి వినబడేలా ఒక్కసారి చెప్పండి. కేసు అయితే లాయరు చేత పోలీసు శాఖకూ నిర్మాణ కంపెనీకీ ఫుటేజీ చెరపవద్దని వెంటనే లేఖ పంపించాలి. వారం ఆగితే ఆలస్యమైనట్టే.

ఇక సంఘాలు చేయగలిగింది. మీ ఊరి పోలీసు శాఖకు ఏ కార్యక్రమంతోనైనా ఒప్పందం ఉందా అని సమాచార అర్జీ పెట్టి ఆ కాపీ తెప్పించండి. ప్రసారానికి ముందు ఎవరు చూస్తారు, ముడి ఫుటేజీ ఎన్నాళ్లు ఉంచుతారు, నిందితుడి లాయరు అడిగితే ఇస్తారా, బేడీల్లో ఉన్నవాడి సంతకం చెల్లుతుందా, కేసు కొట్టేస్తే ఎపిసోడ్ తీసేస్తారా. ఈ ఐదూ అందులో వెతకండి. జవాబు లేని వాటిని సిటీ కౌన్సిల్ లేదా కౌంటీ బోర్డు సమావేశంలో పబ్లిక్ కామెంట్‌కు పేరు ఇచ్చి అడగండి. అక్కడ మాట్లాడటానికి మామూలుగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న తీసుకుంటే సరిపోతుంది.