జీతానికి గీసినవాళ్లే మద్రాసు చిత్రకళను నిలబెట్టారు

చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక పొడవాటి సందేశం తిరుగుతోంది. కింద రాసినవారి పేరు లేదు. దాని సారాంశం ఇది. అసలైన చిత్రకారుడు ప్రేరణ వచ్చినప్పుడే కుంచె పడతాడు, జీతానికో ఆర్డరుకో గీసేవాడు పనివాడే తప్ప కళాకారుడు కాదు. కష్టాలు అనుభవిస్తేనే గొప్ప బొమ్మ పుడుతుంది, చెన్నై దగ్గరి చిత్రకారుల ఊరు చోళమండల్‌లో బతికిన చిత్రకారుడు రామానుజం అందుకు సాక్ష్యం. ఆ చోళమండల్ వాళ్లు గీసిందంతా యూరప్ బొమ్మలకు నకలు. మద్రాసులో తెలుగువాళ్లకు సినిమా ఉంది గానీ చిత్రకళ ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఫోనే బొమ్మ గీసిపెడుతోంది కాబట్టి పిల్లల్ని ఆర్ట్ కాలేజీలో చేర్చడం వాళ్ల బతుకు పాడుచేయడమే.

నేను విరుగంబాక్కంలో ఆదివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. ఈ సందేశం చదివిన ఒక తండ్రి, ప్లస్ టూ పూర్తయిన కూతుర్ని ఎగ్మూరులోని ప్రభుత్వ లలితకళల కళాశాలకు అప్లై చేయనివ్వలేదు. ఆ అమ్మాయి చేతిలో ఎంత పనితనం ఉందో నాకు తెలుసు. ఆయన చెడ్డవాడేమీ కాదు, కూతురి భవిష్యత్తు గురించి టెన్షన్ పడే మామూలు నాన్న. ఆయన నమ్మిన మాటలు నిజం కావని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జీతం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మిగతా మాటలన్నీ దాని మీదే నిలబడ్డాయి. జీతానికి గీసేవాణ్ని కళాకారుడు కాదంటే మద్రాసు చిత్రకళ చరిత్రలో పెద్ద పేర్లే ఎగిరిపోతాయి. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు ఇక్కడ మొదలుపెట్టిన స్కూలే ఇవాళ్టి ఈ ఎగ్మూరు కాలేజీ. 1929లో దాని బాధ్యత తీసుకున్న దేవీప్రసాద్ రాయ్‌చౌధురి సర్కారు ఉద్యోగి. మెరీనా బీచిలో బండరాయిని కదిలిస్తున్న నలుగురు కూలీల విగ్రహం ఆయన చేసిందే. 1957 నుంచి 1967 వరకు ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్ కూడా నెలజీతం తీసుకున్నవారే. ఆయన అంతకుముందు టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి, పాతికేళ్లు వచ్చాక గానీ ఆర్ట్ స్కూల్లో చేరలేదు. పాఠం చెప్పడం, ఫైళ్లు చూడటం, గీయడం అన్నీ ఆ రోజుల్లోనే జరిగాయి. 'పదాలు, సంకేతాలు' వరుస బొమ్మలను ఆయన మొదలుపెట్టింది 1963లో, అంటే ప్రిన్సిపాల్ కుర్చీలో ఉండగానే.

పణిక్కర్‌ను ఎప్పుడూ వేధించిన ప్రశ్న ఒకటుంది. కాలేజీలో ఇంత బాగా గీసే పిల్లలు బయటికి వెళ్లాక ఏం తిని బతకాలి? మద్రాసులో అప్పట్లో బొమ్మలు కొనేవాళ్లు దాదాపు లేరు. గ్యాలరీలు లేవు. అందుకని ఆయనా శిష్యులూ కలిసి ఆర్టిస్టుల హస్తకళల సంఘం పెట్టుకున్నారు. బాతిక్ గుడ్డలు, లోహపు పనులు, తోలు పనులు చేసి అమ్మారు. ఆ డబ్బుతో 1966లో మహాబలిపురం దారిలో ఇంజంబాక్కం దగ్గర దాదాపు పది ఎకరాల ఇసుక నేల కొన్నారు. అదే చోళమండల్ కళాకారుల గ్రామం. రోజులో కొంతసేపు అమ్మకానికి చేతిపని, మిగతా సమయం సొంత బొమ్మ. ఇళ్లు కూడా వాళ్లే కట్టుకున్నారు. సర్కారు గ్రాంటు కోసం గానీ, జమీందారు దయ కోసం గానీ కూర్చోలేదు. ఆర్డరుకు చేసిన పని కళను చంపేస్తుందనే వాదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. ఆ పని లేకపోతే ఆ ఊరే లేదు.

ఇక్కడ కాస్త ఆగి బాతిక్ ఎలా చేస్తారో చెప్పాలి. మైనం కరిగించి, అది వేడిగా ఉండగానే గుడ్డ మీద గీయాలి. మైనం పడ్డ చోట రంగు ఎక్కదు. గీత తప్పితే చెరపడం కుదరదు. ఆలస్యం చేస్తే మైనం చల్లారి ఆగిపోతుంది. ఒక్కో రంగుకు మళ్లీ మైనం, మళ్లీ అద్దకం, చివర వేడినీళ్లలో మైనం వదిలించడం. ఇలాంటి పని ఏళ్ల తరబడి చేసినవాడి గీతకు తడబాటు ఉండదు. మద్రాసు చిత్రకారుల పేరు చెప్పగానే విమర్శకులు మొదట మాట్లాడేది గీత గురించే. ఆ గీతకు మూలం కొంత గుడి శిల్పంలో, కొంత మన ముగ్గులో ఉండవచ్చు. కానీ పొట్టకూటి పని దాన్ని సానబట్టిందని నా గట్టి నమ్మకం.

పత్రికల సంగతీ అంతే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి చందమామ మొదలుపెట్టారు. తరవాత వడపళనిలో అది పెద్ద సంస్థ అయింది. భుజం మీద శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ని గీసిన శంకర్ అక్కడ ఆరు దశాబ్దాలు పనిచేశారు. నెలనెలా కథ వచ్చేది, గడువు ఉండేది, పేజీలో ఇంత చోటే అని కొలత ఉండేది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలైనా అచ్చుకు అందాల్సిన రోజుకు అందాల్సిందే. ప్రేరణ వచ్చేదాకా ఆగుదామంటే ఆ నెల పత్రిక రాదు. బాపు మద్రాసులో లా చదివి, పత్రికలకూ పుస్తకాల అట్టలకూ బొమ్మలు గీస్తూ పేరు తెచ్చుకున్నారు. ఆనాటి లైన్ బ్లాకు అచ్చులో నలుపు పడితే పడుతుంది, లేకపోతే లేదు. మధ్యలో బూడిద ఛాయలు రావు. ఆ ఇబ్బందిని ఆయన ఎంత హాయిగా దాటారో చూడండి. ఒక్క గీతలో జడ, భుజం, నడుము అన్నీ పలుకుతాయి. ఇవన్నీ డబ్బు తీసుకుని, చెప్పిన తేదీకి ఇచ్చిన బొమ్మలు. వీటిని కళ కాదనే ధైర్యం ఆ సందేశం రాసినవారికి నిజంగా ఉందా?

సినిమా బ్యానర్ల గురించి కూడా అందులో చిన్నచూపుతో రాశారు. మా మేనమామ సాలిగ్రామంలో ఆ పని చేసేవాడు. స్టిల్ ఫొటో మీద గళ్లు గీసి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దవిగా వేసి, గడి గడికీ బొమ్మను పెంచుకుంటూ పోవాలి. రంగుపొడిని అవిసెనూనెలో కలుపుకునేవారు. అవుట్‌లైన్ ఒకరిది, అక్షరాలు ఒకరివి, ముఖం మాత్రం అందరిలోకీ చెయ్యి తిరిగినవాడిది. హీరో చెంప మీద గులాబీ రంగు, దవడ కింద నీలం, కనుబొమ మీద ఒక ఆకుపచ్చ చార. దగ్గర నిలబడితే రంగు ముద్దలే కనిపిస్తాయి. మౌంట్ రోడ్డు అవతలి పక్క నుంచి చూస్తేనే ముఖం తెలుస్తుంది. ఇరవై అడుగుల ముఖాన్ని దగ్గర నుంచి గీస్తూ, దూరం నుంచి ఎలా కనిపిస్తుందో మనసులో లెక్కేసుకోవడం ఎంత విద్యో, ఒక్కసారి చేసి చూస్తే తెలుస్తుంది. ఆయన తన కోసం గీసుకున్న పులికాట్ సరస్సు పడవలు మా ఇంట్లో ఉన్నాయి. వాటిలో నీళ్ల మీద పడే వెలుతురు కూడా అలాగే ముద్దలు ముద్దలుగా ఉంటుంది.

కష్టం కళను కంటుందనే మాటకు వద్దాం. ఇది వినడానికి బావుంటుంది కాబట్టే ప్రమాదం. కె. రామానుజం నిజంగా అసాధారణ చిత్రకారుడు. సిరా గీతలతో ఆయన కట్టిన రాజభవనాలు, ఎగిరే పాములు, పక్షులు, వాటి మధ్య టోపీ పెట్టుకుని కనిపించే ఆయనే, అదంతా మరొకరు ఊహించలేని లోకం. ఆయనకు మాట సరిగా వచ్చేది కాదు. మానసిక వ్యాధితో చాలా బాధపడ్డారు. 1973లో, ముప్పై దాటిన కొద్ది కాలానికే, చోళమండల్‌లో ప్రాణం తీసుకున్నారు. ఇందులో కళకు మేలు చేసింది ఏది? పణిక్కర్ ఆయన ప్రతిభను గుర్తించి కాలేజీలో చోటిచ్చారు. తరవాత తోటి చిత్రకారుల మధ్య ఉండటానికి ఒక ఊరు దొరికింది. ఆయన బొమ్మలు గీయగలిగింది ఆ ఆసరా ఉన్నందువల్లే. జబ్బు చేసిందల్లా ఇంకో ముప్పై, నలభై ఏళ్ల బొమ్మలను మనకు లేకుండా చేయడం. బాధపడే మనిషికి వైద్యం, తోడు కావాలి. ఆ బాధను కళకు పెట్టుబడిగా చూపించే వాక్యాన్ని పిల్లలు చదివే గ్రూపుల్లో పంపడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

చోళమండల్ అంతా యూరప్ నకలు అన్న మాటకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. పణిక్కర్ మొదట్లో యూరప్ చిత్రకారుల నుంచి నేర్చుకున్నారు, నిజమే. 1954లో అక్కడికి వెళ్లి బొమ్మలు చూసి వచ్చారు కూడా. కానీ ఆ తరవాత గీసిన 'పదాలు, సంకేతాలు' చూస్తే జాతకచక్రాల గళ్లు, మలయాళం అక్షరాల వంటి రాత, లెక్కల గుర్తులు కనిపిస్తాయి. జె. సుల్తాన్ అలీ మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పినవారు. ఆయన బొమ్మల్లో ఎద్దులు, గ్రామదేవతలు, గిరిజనుల రూపాలు. నకలైతే వీటి అసలు బొమ్మలు యూరప్‌లో ఎక్కడున్నాయో సందేశం రాసినవారే చెప్పాలి.

తెలుగువాళ్లకు ఇక్కడ చిత్రకళ లేదనడం మాత్రం నన్ను బాగా నొప్పించింది. ఎగ్మూరు స్కూలు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికంతటికీ స్కూలు. విజయనగరం ప్రాంతపు అంత్యాకుల పైడిరాజు ఇక్కడ రాయ్‌చౌధురి దగ్గర నేర్చుకున్నారు. కె. శ్రీనివాసులు బాల్యం నాగలాపురంలో గడిచింది. అక్కడి కొయ్యబొమ్మలు, తోలుబొమ్మలు, లేపాక్షి గోడల రేఖలు కలిపి తనదైన పద్ధతి తయారు చేసుకుని, కళాక్షేత్రలో ఎంతోమందికి నేర్పారు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు పణిక్కర్ శిష్యులు. లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లి, షికాగోలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఎం. రెడ్డెప్పనాయుడు చేనేతవాళ్లకు డిజైన్లు ఇచ్చే వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం చేస్తూనే వినాయకుడి బొమ్మల వరుస గీశారు. తోట తరణి సినిమా సెట్లతో జాతీయ అవార్డులు అందుకుంటూనే సొంత బొమ్మల ప్రదర్శనలు పెట్టారు. అంతకు ముందు తరంలో మా. గోఖలే కథలు రాశారు, బొమ్మలు గీశారు, విజయా సంస్థ పౌరాణికాలకు కళాదర్శకత్వం చేశారు. సినిమా వేరు, చిత్రకళ వేరు అని గోడ కట్టేవారికి ఈ మనుషులు అడ్డం వస్తారు, అందుకే కాబోలు ఆ సందేశంలో వీళ్లలో ఒక్కరి పేరూ లేదు.

ఇంకా వెనక్కి వెళితే తంజావూరు బొమ్మలున్నాయి. విజయనగరం పడిపోయాక దక్షిణానికి వచ్చిన రాజు కులపు తెలుగు చిత్రకారుల కుటుంబాలు తంజావూరు, తిరుచ్చిలో తరతరాలుగా వేసినవి. చెక్కకు గుడ్డ అంటించి, సుద్ద, చింతగింజల జిగురు పూసి నునుపు చేసి, ఉబ్బెత్తు పని మీద బంగారు రేకు అతికే ఈ బొమ్మలు ఇవాళ మైలాపూరులో మనం పెళ్లి కానుకకు కొనేవే. అవీ ఆర్డరుకు చేసినవే.

చివరిది, ఫోను. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. 2000 తరవాత ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చి కొద్ది ఏళ్లలోనే బ్యానర్ పనిని తుడిచిపెట్టింది. రోజుల తరబడి పట్టే పని కొన్ని గంటల్లో, చౌకగా అయిపోయింది. ఎన్నో ఇళ్లలో పొయ్యి ఆరిపోయే పరిస్థితి వచ్చింది. మా మేనమామకు ఏడాది పైగా సరైన పని దొరకలేదు. ఇప్పుడు యంత్రం గీసే బొమ్మల వల్ల అట్టల బొమ్మలు, ప్రకటనల బొమ్మలు గీసేవారికి అలాంటి దెబ్బే తగులుతోంది. ఇది కాదనలేం.

కానీ బ్యానర్ వాళ్లు తరవాత ఏం చేశారో కూడా చెప్పాలి కదా. అవే చేతులు గుడి వాహనాలకు రంగులు వేశాయి, కొలువు బొమ్మలకు కళ్లు దిద్దాయి, సీరియల్ సెట్లకు ఆకాశాలు గీశాయి, స్కూలు గోడలు నింపాయి. మేనమామకు చివరికి పని ఇచ్చింది ఒక అమ్మవారి గుడి గోపురం. 2020లో చెన్నైలోని కణ్ణగి నగర్ కాలనీలో ఎన్నో ఇళ్ల గోడలు పెద్ద పెద్ద చిత్రాలతో నిండాయి. నిచ్చెన ఎక్కి, ఆ వీధిలోనే ఉన్నవాళ్లను చూసి, ఆ గోడ పగుళ్లకు తగ్గట్టు గీసే పని ఫోన్‌లో అవదు. యంత్రం ఇచ్చే బొమ్మ బావుందో లేదో చెప్పడానికైనా, దాన్ని దిద్దడానికైనా, గీత తెలిసిన కన్ను కావాలి.

ఎగ్మూరు కాలేజీలో చిత్రలేఖనం, శిల్పం, ప్రింట్‌మేకింగ్‌తోపాటు విజువల్ కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ డిజైన్, సిరామిక్స్ కూడా నేర్పుతారు. అంటే బతుకుతెరువు గురించి ఆలోచించకుండా పెట్టిన చదువు కాదది, మొదటినుంచీ చేతిపనిని పక్కనే పెట్టుకుని సాగిన చదువు. గ్రీమ్స్ రోడ్డులో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ చిత్రకారులు పనిచేసుకోవడానికి స్టూడియోలున్నాయి. చోళమండల్‌లో 2009 నుంచి మ్యూజియం ఉంది. ఈ మూడు చోట్లకూ ఆ నాన్నను, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్తానని చెప్పాను. అప్లికేషన్ గడువు ఈసారి దాటినా వచ్చే ఏడు మళ్లీ ఉంటుంది, ఆలోపు ఆయన మనసు మారేలా చూపించాల్సినవి ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. గ్రూపుల్లో ఆ సందేశం మీకు మళ్లీ వస్తే, దాని కింద రెడ్డెప్పనాయుడు, శ్రీనివాసులు, శంకర్, బాపు అని నాలుగు పేర్లు రాసి, వీళ్లు ఏ ఉద్యోగం చేస్తూ, ఎవరి కోసం గీశారో పంపినవారిని అడగండి.