నాస్ పెట్టె దొరవారికి ఒక మనవి

బైరాగిపట్టెడ,
తిరుపతి.

మహారాజశ్రీ నాస్ పెట్టె దొరవారి సముఖానికి, కరెంటు బిల్లు మీద ఈ ఇంటి యజమాని అని పేరున్న మనిషి నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమమేనా అన్నది మాత్రం తమరి మొహాన వెలుగుతున్న నారింజ దీపం వల్ల అనుమానంగా ఉంది. అక్కడ అంటే ఎక్కడో కాదు, మా హాల్లో టీవీ బల్ల కింద అర. నాస్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట: ఇంటిల్లిపాది ఫోటోలూ ఫైళ్ళూ రెండు డిస్కుల్లో దాచి, ఇంటి నెట్‌వర్క్ మీద అందించే పెట్టె తమరు. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం ఎందుకంటారా? నోటితో అడిగితే తమరు పలకరు. బీప్ అంటారు, అదీ అర్ధరాత్రి దాటాక.

తమరు ఈ ఇంటికి ఎలా వచ్చారో ఒకసారి మనవి చేస్తాను. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఎన్నైనా ఉచితంగా దాచుకునే రోజులు పోయాయి. 15 జీబీ దాటితే డబ్బు కట్టమన్నారు. తిరుపతిలో కాపురమున్నవాళ్ళకి 15 జీబీ ఏ మూలకి? కొండకొచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు. వాళ్ళ పిల్లకాయల గుండు ఫోటోలు, చెవులు కుట్టిన వీడియోలు, అలిపిరి మెట్ల మీద మూడొందలో మెట్టు దగ్గరే ఆయాసపడుతున్న బావల సెల్ఫీలు, అన్నీ మా దగ్గరే పోగవుతాయి. బస్సెక్కే ముందు "మామా, నా ఫోన్ నిండిపోయింది, నీ దాంట్లో వేసుకో, తర్వాత తీసుకుంటా" అంటారు. ఆ తర్వాత రాదు. ఎవరికో నెలనెలా అద్దె కట్టడమెందుకు, మన సరుకు మన ఇంట్లోనే ఉంటుంది కదా అని తమరిని పిలుచుకొచ్చాం.

అద్దె మానేశాక ఒక సంగతి బోధపడింది. అద్దె కట్టినన్నాళ్ళూ ఎక్కడో ఏసీ హాల్లో జీతగాడొకడు డిస్కులు మారుస్తూ, ఫ్యాన్లు తుడుస్తూ, ఎర్రదీపాలు చూస్తూ ఉండేవాడు. ఆ ఉద్యోగం ఇప్పుడు నాకొచ్చింది, జీతం మాత్రం రాలేదు. తమరు తినే కరెంటు ఏమంత కాదు, ఒకటి రెండు ఎల్ఈడీ బల్బులంత. తమరి అసలు ఖర్చు నా ఆదివారాలు.

ఇక తమరి అనారోగ్యాల విషయం. తమరికి ఏమైనా తెలిసేది ఒకే ఒక్క దీపం వల్ల. డిస్కు పోయినా నారింజే, ఫ్యాను ఆగినా నారింజే, కొత్త అప్‌డేట్ వచ్చి తమరికి చిరాకేసినా నారింజే. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలంటే మా ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మే దిక్కు. దాక్కున్న పాలెగాణ్ణి పట్టడానికి ఆ తల్లి రోజుకో వేషం కట్టింది. బైరాగి అయింది, తోటి అయింది, చివరికి దొర వేషంలో వస్తే గానీ వాడు బయటపడలేదు. మేమూ అంతే, ఒకరోజు ఎలక్ట్రీషియన్, ఒకరోజు కేబుల్ కుర్రాడు, ఒకరోజు డాక్టర్. జాతరలో వేషం కట్టినవాడికి ఎదురొచ్చినవాణ్ణి తిట్టే హక్కు కూడా ఉంటుంది. నేను ఈ ఉత్తరంతో సరిపెట్టుకుంటున్నాను.

మొన్న జరిగింది చూడండి. గృహప్రవేశం వీడియో కాపీ చేయబోతే సెకనుకు 11 ఎంబీ. ఇంతకు ముందు 110 దాకా వచ్చేది. "డిస్కు ముసలిదైపోయింది సార్" అని షాపు కుర్రాడు ఫోన్లోనే తేల్చేసి ధర కూడా చెప్పేశాడు. ముసలితనం ఎక్కడైనా సరిగ్గా పదోవంతు లెక్కన వస్తుందా? డిస్కు చెడితే వేగం ఒకసారి ఎనభై, ఒకసారి ఇరవై, ఒకసారి మొత్తం బిగుసుకుపోవడం, అలా ఉంటుంది. కదలకుండా 11 దగ్గర నిలబడిందంటే లైను గిగాబిట్ నుంచి, అంటే వెయ్యి మెగాబిట్ల నుంచి, వంద మెగాబిట్లకు దిగిందని అర్థం. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి వంద మెగాబిట్లంటే మహా అయితే సెకనుకు పన్నెండు ఎంబీ. రౌటర్ నుంచి తమరి దాకా వచ్చే నెట్‌వర్క్ కేబుల్లో నాలుగు జతలు, ఎనిమిది తీగలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, వందకి నాలుగు చాలు. బీరువా వెనక ఎలుక ఒక తీగ కొరికింది. తమరు ఆ మాట ఎవరికీ చెప్పకుండా మిగిలినవాటిలో నాలుగింటితో గుట్టుగా కాపురం నెట్టుకొచ్చారు. పరువు గల దొరలు కదా! లింక్ స్పీడ్ అనే ముక్క తమరి తెరలో మూడు మెనూల లోపల, నెట్‌వర్క్ పేజీ అడుగున ఉంది. మొదటి పేజీలో మాత్రం పచ్చటి అక్షరాలతో "ఆరోగ్యం: బాగుంది". షాపు కుర్రాడి మాట విని వేల రూపాయల డిస్కు వేసి ఉంటే ఆ కొత్త డిస్కు కూడా 11 దగ్గరే కూర్చునేది. కేబుల్ మార్చగానే మళ్ళీ 110. ఎలుక ఇంకా దొరకలేదు.

డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే స్మార్ట్ పట్టికలోనూ ఇదే తంతు. 199వ వరుసలో సీఆర్‌సీ అంకె, అంటే దారిలో చెడిన డేటా లెక్క, పెరిగితే చాలామంది డిస్కుకి తద్దినం పెట్టేస్తారు. ఆ అంకె చాలాసార్లు చెప్పేది డిస్కు గురించి కాదు, డిస్కుకీ పెట్టెకీ మధ్య కనెక్షన్ వదులైందని. బయటికి లాగి, దుమ్ము ఊది, గట్టిగా తోస్తే మళ్ళీ పెరగకపోవచ్చు. భయపడాల్సింది 5, 197 వరుసలకి. ఒకటి చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్కు మీది గళ్ళు, రెండోది ఇవాళో రేపో పోయేవి. అవి వారం వారం పెరుగుతుంటే ముహూర్తం చూడకుండా డిస్కు మార్చేయాలి. ఇంత తెలిసి ఉండీ తమరు మూడింటికీ ఒకే దీపం పెడతారు.

కరెంటు సంగతికొస్తే, పోవడం కన్నా మా చుట్టాలు పీకడమే ఎక్కువ. మదనపల్లె చిన్నాయన రాత్రి ఫోన్ చార్జింగ్‌కి ప్లగ్ వెతుక్కున్నాడు. పొద్దున్నే కాఫీ తాగుతా, "ఈడ ఏందో డబ్బా ఊరికే వెలగతా ఉండాది, కరెంటు దండగని పీకేసినా నాయనా" అన్నాడు. పొదుపు నేర్పిన పెద్దాయన, ఏమంటాం? తమరు మాత్రం ప్లగ్ పెట్టగానే అలిగి, రెండు డిస్కుల్లో ఉన్నది ఒకటేనా కాదా అని మొదటి అక్షరం నుంచి సరిచూడటం మొదలుపెట్టారు. సాయంత్రం దాకా ఎవరూ ఒక ఫోటో తెరవలేకపోయారు.

నిజంగా కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. దాని వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్, ఒకవైపు మామూలు. మామూలు మీద ఉంటే ఇన్వర్టర్ అందుకునే లోపు ఫ్యానుకి తెలియదు, ట్యూబ్‌లైటు ఒకసారి రెప్ప వేస్తుంది, తమరు మాత్రం మూర్ఛపోయి లేస్తారు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఈ బాధ పడలేక తమరికంటూ ఒక చిన్న యూపీఎస్ కొన్నాం. దాంతో పాటు ఒక యూఎస్‌బీ వైరు వస్తుంది. చాలా ఇళ్ళలో అది అట్టపెట్టెతో పాటు అటక ఎక్కుతుంది. ఆ వైరు తగిలిస్తేనే బ్యాటరీ అయిపోతోందని తమరికి కబురు అందుతుంది, రాస్తున్నది ముగించి మర్యాదగా పడుకుంటారు. తగిలించకపోతే యూపీఎస్ చేసేదల్లా అదే చావుని పది నిమిషాలు వాయిదా వేయడం.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పను. అగ్ని నక్షత్రంలో మా హాలే నలభై డిగ్రీలుంటుంది, తమరు తలుపులున్న అరలో ఉంటారు. డిస్కు కంపెనీలు చాలావరకు 60, 65 దాకా ఓర్చుకుంటాయని రాస్తాయి, కానీ ఓర్చుకోవడం వేరు, బతకడం వేరు. తలుపు తీసి ఉంచితే చుట్టాల పిల్లలు బటన్ నొక్కుతారు. ఆయుధపూజకి మా ఇంటావిడ భక్తిగా తమరి గాలి కన్నాల మీదే గంధం మెత్తింది. ఆ వారం ఫ్యాను చేసిన చప్పుడు తమరికి గుర్తుండే ఉంటుంది.

తమరి గర్వమంతా ఆ రెయిడ్ మీద, అంటే డిస్కుల్ని జట్టుకట్టే ఏర్పాటు మీద. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ముగ్గురు పెద్దమనుషులు ఒక పేపర్ రాశారు, ఒక ఖరీదైన పెద్ద డిస్కు బదులు చవక డిస్కుల్ని గుంపుగా కడితే సరిపోతుందని. మంచి మాటే. ఒక డిస్కు పోయినా ఇంకో డిస్కులో అద్దంలో బొమ్మలా నకలు ఉంటుంది. కానీ ఊళ్ళో తమరిలాంటి పెట్టె కొన్న ప్రతివాడూ "బ్యాకప్ అక్కర్లేదండీ, రెయిడ్ ఉంది" అని మీసం తిప్పుతున్నాడు. మావాడు పదో తరగతి సెలవుల్లో గేమ్ కోసం చోటు చేస్తూ "పాతవి" అనే ఫోల్డర్ కొట్టేశాడు. అందులో అవ్వ షష్టిపూర్తి ఉంది. తమరు ఏం చేశారు? ఆజ్ఞ అనగానే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి, ఎంతో శ్రద్ధగా చెరిపేశారు. ఇంత విధేయత ఉన్న నౌకరు ఉంటే శత్రువు ఎందుకు? స్నాప్‌షాట్లు, అంటే ఫైళ్ళు ఫలానా రోజు ఎలా ఉండేవో దాచిపెట్టిన గుర్తులు, ఉన్నాయి కాబట్టి ఆ షష్టిపూర్తి బతికింది. ఆ స్నాప్‌షాట్ల వల్లే, ఎన్ని చెరిపినా చోటు మాత్రం ఖాళీ కాదు. అదేమని అడిగితే మళ్ళీ నారింజ.

ఒక డిస్కు నిజంగానే పోతే రెండోదాన్ని నమ్ముకోమంటారు. ఆ రెండూ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే పెట్టెలోంచి కొన్నవి. కవలలకి జ్వరం ఒకేసారి రావడం వింత కాదు. 4 టీబీ డిస్కు మళ్ళీ నింపాలంటే సెకనుకి 150 ఎంబీ ఎక్కడా తగ్గకుండా రాసినా ఏడు గంటలు దాటుతుంది, ఆ ఏడు గంటలూ మిగిలిన ముసలి డిస్కు ఊపిరి బిగబట్టి చదవాలి. కొన్నది ఎస్ఎంఆర్ రకమైతే, అంటే వరసల్ని పెంకుల్లా ఒకదాని మీదొకటి కప్పి రాసేదైతే, గంటలు రోజులవుతాయి. నాస్ కోసమే అని అమ్మిన డిస్కుల్లో కొన్ని ఆ రకానివని 2020లో బయటపడేదాకా కొన్నవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అది తమరి తప్పు కాదు లెండి. తమరి కులం వాళ్ళ తప్పు.

బెంగళూరులో ఉన్న మేనల్లుడికి తమరి మీద చాలా ప్రేమ. "మామా, పోర్ట్ ఓపెన్ చెయ్యి, ఇక్కణ్ణుంచే చూసుకుంటా" అని ఒకటే పోరు. అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా తమరిలోకి ఒక తలుపు తెరవమని. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే కొన్ని చిక్కుకున్నాయి, మన చిత్తూరు జిల్లావీ వాటిలో ఉన్నాయి. అది దూరింది నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచుకునే ఎస్ఎంబీ అనే పద్ధతి మొదటి వెర్షన్లో ఉన్న కన్నంలోంచి. పాత టీవీకి సినిమా కనిపించాలని ఆ పాత తలుపుని ఇంకా తెరిచి పెట్టుకున్న పెట్టెలు ఎన్నో. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అయితే నేరుగా తమరి జాతి మీదే పడింది. ఇంటర్నెట్‌కి మొహం చూపించిన పెట్టెల్లో ఫైళ్ళకి తాళం వేసి తలా 0.03 బిట్‌కాయిన్ అడిగింది. మా నెట్ కంపెనీ వీధి వీధంతటికీ కలిపి ఒకే ఐపీ, అంటే ఒకే ఇంటర్నెట్ చిరునామా, ఇస్తుంది, సొంతది కావాలంటే వేరే డబ్బులంటుంది. ఒకే చిరునామా కాబట్టి బయటివాడు నేరుగా మా గుమ్మం దాకా రాలేడు, ఆ పిసినారితనమే ఇన్నాళ్ళూ మాకు కోటగోడ. మేనల్లుడికి పోర్ట్ తెరవకుండా నడిచే ఒక వీపీఎన్, అంటే తాళం వేసిన సొంత దారి, పెట్టించాను. సెట్ చేసుకోవడం కష్టంగా ఉందని చూడటమే మానేశాడు.

ఇంత విన్నాక తమరికి ఒక చేదు కబురు. తమరికి సవతి వచ్చింది. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో అక్కవాళ్ళింట్లో, బీరువాలో పట్టుచీరల మధ్య, ఒక మామూలు యూఎస్‌బీ డిస్కు. దీపం లేదు, ఫ్యాను లేదు, పాస్‌వర్డ్ అడుగుతుందంతే. పండక్కి వెళ్ళినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాం, తెచ్చినదాంట్లోంచి నాలుగు ఫైళ్ళు తెరిచి చూస్తాం. 2021 నవంబరు వానలకి మన వీధుల్లో నీళ్ళు నిలిచి, రాయలచెరువు కట్ట కారుతోందని ఊళ్ళు ఖాళీ చేయించిన రోజుల్లో తమరూ, తమరి అద్దం డిస్కూ, పక్కనే పెట్టిన బ్యాకప్పూ ఒకే అరలో నేలకి జానెడు ఎత్తున ఉన్నాయి. మూడు కాపీలుండాలి, రెండు రకాల చోట్ల ఉండాలి, ఒకటి ఊరు దాటాలి అని పెద్దలు ఊరికే అనలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక చిత్తూరు మనకి పరాయి జిల్లా కూడా అయింది. ఊరు దాటమంటే సర్కారు దయవల్ల జిల్లానే దాటించాం.

కాబట్టి దొరవారూ, బీప్ తగ్గించండి. ఏం జబ్బో మొదటి పేజీలో తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పండి. రౌటర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కొత్త చిరునామాకి మకాం మార్చడం మానండి. తమరి పేరు మీద ఒక నంబరు శాశ్వతంగా రాసిపెట్టమని రౌటర్‌కి చెప్పాను. డిస్కుల్లో ఉన్నదంతా చదివి సరిచూసుకునే నెలవారీ స్క్రబ్ శనివారం రాత్రి పెట్టుకోకండి, ఆ రోజే చుట్టాలు దిగేది.

ఇట్లు,
తమరి జీతం లేని జీతగాడు.

తా.క.: డిస్కు డబ్బా మీద 4 టీబీ అని ఉంది, తమరు 3.63 అంటున్నారు. కంపెనీవాడు వెయ్యితో గుణిస్తాడు, తమరు 1024తో భాగిస్తారు, మధ్యలో నష్టపోయేది మేము. ఆ తగ్గిన చోటులో మదనపల్లె చిన్నాయన కుటుంబం గుండ్లన్నీ పట్టేవి.