రంగు క్యూల మీద ఎందుకంత చిన్నచూపు? అసలు పేచీ చెక్కలా నమ్మించే అచ్చు బొమ్మతో

పూల్ క్యూల, అంటే బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: "పెయింట్ వేశారా? అయితే చవకబారు సరుకే. ఎక్సోటిక్ చెక్క, అంటే అరుదైన విదేశీ చెక్క ఉంటేనే అది క్యూ." ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, కొత్తగా కొనేవాళ్లు షాఫ్ట్ (క్యూ ముందు సగం) నిటారుగా ఉందో లేదో చూడకముందే ఫోర్‌ఆర్మ్ (వెనక సగమైన బట్‌లో చేతి పట్టుకి ముందుండే భాగం) కోకోబోలో అనే ఎక్సోటిక్ చెక్కా కాదా అని ఆరా తీస్తున్నారు. నాకు దీంతో గట్టి పేచీ ఉంది. ఫ్యాక్టరీలో వేల లెక్కన తయారయ్యే క్యూలో, మంచి మేపుల్ చెక్క మీద శుభ్రంగా కొట్టిన రంగు నిజాయితీగల పని. నా కోపమంతా కాగితం మందం అచ్చు బొమ్మని అతికించి చెక్క అని నమ్మించే క్యూల మీదే.

ముందు ఆట సంగతి తేల్చుకుందాం. క్యూ కొసనుండే టిప్ బంతిని తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు. సైడ్ ఇంగ్లిష్ కొట్టినప్పుడు, అంటే బంతి తిరిగేలా మధ్య నుంచి పక్కకి జరిపి కొట్టినప్పుడు, తెల్ల బంతి గురి నుంచి ఎంత పక్కకి పోతుందనేది షాఫ్ట్ ముందు కొస బరువుని బట్టి ఉంటుంది. అంటే టిప్, దాని కింద ఫెర్రూల్ అనే చిన్న తొడుగు, వాటి వెనక ఉన్న కొద్ది అంగుళాల కర్ర. అక్కడికి దాదాపు రెండున్నర అడుగుల అవతల మొదలయ్యే బట్‌లో నల్లటి ఎబొనీ చెక్క ఉన్నా, నల్లరంగు వేసిన మేపుల్ ఉన్నా ఆ లెక్క మారదు. బట్ చెక్క మారితే నిజంగా మారేవి బరువు, బ్యాలెన్స్, చేతికి తెలిసే అదురు, చప్పుడు. అవి చిన్న విషయాలని నేననను. అదురు తీరు కొందరికి చాలా ముఖ్యం. కానీ అవేవీ "అసలు చెక్క కాబట్టి మేలు" అనే ఒక్క దిక్కుకే మొగ్గవు.

బరువే చూడండి. ఫోర్‌ఆర్మ్ సుమారు 12 అంగుళాల పొడవు, సగటున 24 మిల్లీమీటర్ల లావు అనుకుందాం. హార్డ్ మేపుల్ అయితే ఆ ముక్క దాదాపు 97 గ్రాములు తూగుతుంది. అదే కొలతలో కోకోబోలో 150 గ్రాములు దాటుతుంది. యాభై గ్రాముల పైచిలుకు తేడా, అంటే దగ్గర దగ్గర రెండు ఔన్సులు, పైగా అదంతా క్యూ ముందు భాగంలో. మామూలు క్యూ మొత్తం బరువే 18 నుంచి 21 ఔన్సులు. ఈ భారానికి బ్యాలెన్స్ ముందుకి జరిగిపోతుంది. దాన్ని వెనక్కి లాగడానికి బట్ చివర బరువైన బోల్ట్ బిగిస్తే మొత్తం బరువు కొందరికి మోయలేనంత అవుతుంది.

అందుకే తెలివైన తయారీదారు ఎక్సోటిక్ దిమ్మెని నిలువునా తొలిచి, లోపల నిటారు నార ఉన్న మేపుల్ కడ్డీ దించుతాడు. 16 మిల్లీమీటర్ల కోర్ పెడితే పైన చెప్పిన తేడా 30 గ్రాములకి దిగుతుంది, కర్ర వంగే గుణమూ తగ్గుతుంది. ఇది మోసం కాదు, మంచి పనితనం. కాకపోతే ఇక్కడ ఒకటి గమనించాలి. "అసలైన కోకోబోలో" అని మీరు మురిసిపోతున్న ఆ బట్‌లో కొన్నిచోట్ల సగం దాకా మేపులే ఉంటుంది.

వేల లెక్కన చేసేటప్పుడు ఎక్సోటిక్ చెక్కతో అసలు చిక్కు ఓపిక. దట్టమైన చెక్క నెమ్మదిగా ఆరుతుంది. లేత్ మీద కొద్దికొద్దిగా కోస్తూ, కోతకీ కోతకీ మధ్య వారాల తరబడి వేలాడదీసి ఉంచాలి. కోసిన ప్రతిసారీ లోపలి ఒత్తిడి సడలి కర్ర కాస్త కదులుతుంది. ఈ విరామాలు కుదిస్తే క్యూ పెట్టెలోంచి నిటారుగానే వస్తుంది, రెండు సీజన్లు మారాక వంకర తిరుగుతుంది. కోకోబోలోలో నూనె ఎక్కువ. అతికించే ముందు, క్లియర్ కోట్ (రంగు లేని పై పూత) వేసే ముందు ఎసిటోన్‌తో తుడిచి, వెంటనే పని కానిచ్చేయాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి ఊరుతుంది, జిగురు పట్టదు, కోటింగ్ పొరలుగా లేస్తుంది. జీబ్రావుడ్, బుబింగా లాంటి వాటికి రంధ్రాలు పెద్దవి. ఫిల్లర్ సరిగ్గా పట్టించకపోతే కొత్తలో అద్దంలా మెరిసిన చోటే కొన్ని నెలలకి సూది గుచ్చినట్టు గుంటలు తేలతాయి. ఎబొనీకి సన్నటి పగుళ్ల జబ్బు. పర్పుల్‌హార్ట్ ఊదా రంగు చూసి కొంటే అది వెలుతురికి గోధుమ రంగులోకి తిరుగుతుంది, పడౌక్ ఎరుపూ అంతే.

రంగు వేసిన క్యూకీ జబ్బులున్నాయి, దాచాల్సిన పని లేదు. పెచ్చు ఊడేది ఎక్కువగా జాయింట్ కాలర్ (రెండు సగాలు కలిసే చోటి పట్టీ) అంచున, బట్ క్యాప్ (అడుగు మూత) అంచున. అక్కడ ప్లాస్టిక్‌కీ చెక్కకీ తేమతో ఉబ్బే తీరు వేరు కాబట్టి పొర పగులుతుంది. ఊడిన చోట కింద తెల్ల మేపుల్ బయటపడి దూరం నుంచే కనిపిస్తుంది. చెక్క క్యూలో అదే దెబ్బ తగిలితే కింద కూడా అదే రంగు కాబట్టి కంటికి ఆనదు. శాండ్‌పేపర్‌తో పలచగా తీసి మళ్లీ క్లియర్ వేస్తే సరిపోతుంది. పెయింట్‌ని అలా రుద్దలేం, రంగు పొర తెగిపోతుంది. మెటాలిక్ రంగైతే మచ్చ వరకే సరిచేయడం దాదాపు అయ్యే పని కాదు. రేకుల్లాంటి ఆ మెరుపు రేణువులు పాత పొరలో పడుకున్న తీరుకి కొత్త పొర కలవదు, ఒక అలంకార రింగ్ నుంచి ఇంకో రింగ్ దాకా మొత్తం భాగం మళ్లీ వేయాల్సిందే. ఇంకొకటి, ముదురు రంగు కింద మేపుల్‌లో మరకలున్నా, నార వంకరగా పోయినా కనిపించదు. నాసిరకం చెక్కని దాచడానికి పెయింట్ వాడేవాళ్లు ఉన్నారు, నిజమే. దానికి మందు క్యూని కంటి ముందు పెట్టి గురి చూడటం, బల్ల మీద దొర్లించడం. చెక్క పేరు అడిగినంత మాత్రాన ఆ లోపం బయటపడదు.

ఇక నా అసలు కోపానికి వస్తాను. ఫోర్‌ఆర్మ్ మీద పాయింట్లనే నాలుగు మొనదేలిన ఆకారాలు, వాటి చుట్టూ రంగురంగుల వెనీర్లు (పలచటి చెక్క పొరలు), మధ్యలో ముత్యపు చిప్ప వజ్రాలు, అంతా ఒకే ఒక్క డెకాల్, అంటే అచ్చు వేసిన అతికింపు పొర. దాన్ని చుట్టి పైన క్లియర్ పోస్తారు. పదింతల భూతద్దం పెడితే గీత అంచున అచ్చు చుక్కలు బయటపడతాయి. నిజమైన స్ప్లైస్‌లో వి ఆకారపు గాడి కోసి, అందులో వేరే చెక్క అతికించి లేత్ మీద తిప్పుతారు. క్యూ సన్నబడే కొద్దీ పాయింట్ దానంతటదే సూది మొనగా తేలుతుంది, ఆ నాలుగు మొనల ఎత్తులో వెంట్రుక వాసి తేడా ఉండటం సహజం. యంత్రంతో ఇన్‌లే చేస్తే, అంటే గుంట తొలిచి ముక్క పొదిగితే, కటర్ గుండ్రం కాబట్టి మొన కాస్త మొద్దుగా ఉంటుంది, చేత్తో పదును పెడితే తప్ప. మొనలు సూదుల్లా ఉండి, నాలుగూ అచ్చు గుద్దినట్టు ఒకే ఎత్తులో ఉంటే అనుమానించండి. అదే మోడల్ క్యూలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. చెక్క గీతలు రెండింటిలో ఒకేలా ఉంటే ఇంకేం అక్కర్లేదు, అది బొమ్మే.

అలల్లాంటి చారలుండే కర్లీ మేపుల్‌కి ఇంకా సులువైన పరీక్ష ఉంది. దీపం కింద క్యూని మెల్లగా తిప్పండి. అసలు చెక్కలో వెలుగు చారలు, చీకటి చారలు తారుమారవుతాయి. ఇందాక మెరిసిన చార ఇప్పుడు నల్లబడుతుంది, పక్కది వెలుగుతుంది. అచ్చు వేసిన చార ఎటు తిప్పినా కదలదు. వీలైతే అడుగున రబ్బరు బంపర్ తీసి, బోల్ట్ రంధ్రంలోకి టార్చ్ వేయండి. లోపల ఏ చెక్క ఉందో చాలాసార్లు అక్కడ తెలిసిపోతుంది.

నన్నడిగితే ఫ్యాక్టరీ క్యూల్లో అన్నిటికన్నా విలువైన పని డై, అంటే చెక్కలోకి ఇంకే రంగు పట్టించిన కర్లీ మేపుల్. ముందు నల్ల డై పట్టించి, పైపైన రుద్ది తీసేసి, ఆ తర్వాత అసలు రంగు పట్టిస్తారు. చారల్లో నార పైకి తిరిగిన చోట డై ఎక్కువ తాగుతుంది, అందుకే లోతు కనిపిస్తుంది. మేపుల్ బరువు, మేపుల్ నిలకడ, కంటికి విందు. దీన్ని కూడా "స్టెయిన్ వేసిందిలే" అని పక్కన పడేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

ఎక్సోటిక్ కావాలనే మనసుంటే తప్పకుండా కొనండి, కానీ అడిగి కొనండి. కేటలాగ్‌లో "కోకోబోలో ఫినిష్", "ఎబొనీ స్టెయిన్డ్" అని ఉంటే అక్కడ ఆ చెక్క లేనట్టే. "రోజ్‌వుడ్" అని ఊరుకుంటే ఏ జాతి అని అడగండి. డాల్బెర్జియా నైగ్రా, అంటే బ్రెజిలియన్ రోజ్‌వుడ్, 1992 నుంచే సైటీస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. మిగతా డాల్బెర్జియా జాతులన్నీ 2017 జనవరి నుంచి రెండో అనుబంధం కింద ఉన్నాయి. సక్రమంగా చెక్క తెప్పించుకునే తయారీదారు దగ్గర జాతి పేరు కాగితాల మీదే ఉంటుంది, అడిగితే చెప్పడానికి తడుముకోడు. చెక్క దిమ్మెగా ఉందా, కోర్ వేశారా, పైన వెనీర్ చుట్టారా అనేది రెండో ప్రశ్న. పాయింట్లు స్ప్లైసా, ఇన్‌లేనా, డెకాలా అనేది మూడోది. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే, అదే డబ్బుకి దొరికే రంగు క్యూ తీసుకుని, మిగిలితే మంచి షాఫ్ట్ మీద పెట్టండి.