యమహా డీఎక్స్7 గారికి పదకొండో నంబరు బాధితుడి విన్నపం

మహారాజశ్రీ యమహా డీఎక్స్7 సింథసైజర్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డుగా తమరు 1983లో అవతరించిన దగ్గర్నుంచి విరహం, పశ్చాత్తాపం, కాఫీపొడి ప్రకటన, ఫోన్లో హోల్డ్ మ్యూజిక్ అన్నీ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. ఆ గొంతు తమరి మెమరీలో పదకొండోది. పేరు ఇ.పియానో 1, అంటే కరెంటు పియానో. గాజుగిన్నెకి చెంచా తగిలినట్టు ‘టింగ్’మని మొదలై, తర్వాత మెత్తగా సాగుతుంది. నా మొర దాని గురించే.

తమరిది గొప్ప వంశం, కాదనను. 1887లో జపాన్‌లోని హమామాట్సు బడిలో అమెరికా నుంచి తెచ్చిన, హార్మోనియం లాంటి రీడ్ ఆర్గన్ మూలపడితే, బాగుచేయడానికి తొరకుసు యమహాని పిలిచారు. ఆయన దాన్ని విప్పి చూసి, ఇలాంటిది తానే చేయగలననుకున్నాడు. చేశాడు కూడా. ఆ ఆర్గన్‌ని కావడి కట్టి, తోడు ఒక మనిషితో హకోనే కొండలు దాటి టోక్యో దాకా మోసుకెళ్లాడు. అక్కడి సంగీత విద్యాలయం వాళ్లు అంతా విని, శ్రుతి కుదరలేదన్నారు. అంత దూరం మోసుకొచ్చినవాడితో అనాల్సిన మాటేనా అది! ఆయన మాత్రం అలగకుండా అక్కడే నెల్లాళ్లు సంగీతశాస్త్రం నేర్చుకుని, తిరిగెళ్లి ఇంకొకటి చేశాడు. కంపెనీ ముద్రలో మూడు శృతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు) ఉండడం న్యాయమే. అయితే మా వైపు యమహా అంటే ముందు గుర్తొచ్చేది ఆర్‌ఎక్స్ 100 బండి. దాని సైలెన్సర్ విన్నవాడికి ఆ ముద్ర శ్రుతికి సంబంధించిందని చెప్పి ఒప్పించడం కష్టం.

తమరి ఆత్మ మాత్రం జపాన్‌ది కాదు. 1967లో అమెరికా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త కంప్యూటర్ మీద వైబ్రాటోతో, అంటే స్వరాన్ని సన్నగా ఊపడంతో, ప్రయోగాలు చేస్తున్నాడు. ఊపే వేగం పెంచుతూ పోయాడు. ఒక హద్దు దాటాక ఊపు వినిపించడం మానేసి, కొత్త నాదం పుట్టింది. ఒక సాదా తరంగం ఇంకో సాదా తరంగాన్ని కుదిపితే చాలు, గంటలూ ఇత్తడి బూరలూ పలికాయి. ఎఫ్‌ఎం సింథసిస్ అంటే ఇదే. అమెరికా ఆర్గన్ కంపెనీలకి చూపిస్తే వాళ్లకి తలకెక్కలేదు. యూనివర్సిటీ ఆయన్ని పర్మనెంట్ చేయకుండా సాగనంపింది. యమహా ఆసక్తి చూపాక మళ్లీ పిలిచింది. తర్వాత ఆ పేటెంట్ మీద రెండు కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి మరి.

ఇంత తపస్సు ఫలించి తమరు వచ్చారు. ఆరు ఆపరేటర్లు (అంటే తరంగాలు పుట్టించే భాగాలు), వాటిని జతచేయడానికి 32 ఆల్గారిదమ్‌లు (అంటే అమరికలు), ఒకేసారి పదహారు స్వరాలు, ధర రెండువేల డాలర్ల లోపే. పాత సింథసైజర్ల మీద పనికో నాబ్ ఉండేది, తిప్పితే ఏమవుతుందో చెవికి తెలిసిపోయేది. తమరు వాటిని పీకించేశారు. బదులుగా చదునైన రేకు మీటలు, విలువ మార్చడానికి ఒక్క స్లైడర్, వరసకి పదహారు అక్షరాల చొప్పున రెండు వరసల తెర. దానికి లోపల లైటు కూడా లేదు! గుడిగంట లాంటి మోతని కాస్త మార్చాలంటే ఏ ఆపరేటర్ దేన్ని కుదుపుతోందో మనసులో బొమ్మ గీసుకోవాలి. కచేరీకి వచ్చినవాడిని లెక్కల పరీక్షకి కూర్చోబెడితే వాడేం చేస్తాడు? పదకొండు నొక్కుతాడు.

సంగీతకారుడు బ్రయాన్ ఈనో లాంటి మొండివాళ్లు తమరి లోపలికి దిగి సొంత శబ్దాలు చేసుకున్నారు. మిగతావాళ్ల సంగతా? రిపేరుకి వచ్చిన డీఎక్స్7లలో ఫ్యాక్టరీ శబ్దాలు చెక్కుచెదరకుండా ఉండేవని ఆ రంగంలో ఒక కథ తిరుగుతుంటుంది. లక్షకి పైగా అమ్ముడైన సర్వశబ్ద సృష్టియంత్రం చివరికి కరెంటు పియానోగా స్థిరపడింది. అసలు కరెంటు పియానో రోడ్స్, పాపం, ఇద్దరు మోయాల్సిన బరువుతో, లోపల నిజంగా లోహపు కడ్డీలని సుత్తులతో కొట్టించుకుంటూ బతికేది. తమరు చంకలో ఇమిడిపోయి దాని పొట్ట కొట్టారు.

తమరి సంతానం అక్కడితో ఆగలేదు. యమహా ఎఫ్‌ఎం చిప్‌లు కంప్యూటర్ సౌండ్ కార్డుల్లో, సెగా గేముల్లో దూరాయి. 2000ల మొదట్లో పాలిఫోనిక్ రింగ్‌టోన్‌ల రూపంలో ఎన్నో ఫోన్లలోనూ మోగాయి. మా పెళ్లి రిసెప్షన్లలో ఇప్పుడు మోగే కీబోర్డులు వేరే జాతివి, రికార్డు చేసిన శబ్దాలు పలుకుతాయి. తబలా, తంబూరా కూడా మీటల్లోనే. తాళమూ తోడు వాయిద్యాలూ దానంతటదే వాయించే స్టైల్ మీట నొక్కేసి ఒక చేత్తో సమోసా తినే సౌకర్యం ఉంది. తమరు నేర్పిన బద్ధకం మాత్రం అదే.

కాబట్టి ఒక కోరిక. ఈ లేఖ అందాక పదకొండో మీటని ఏడాదిపాటు సెలవు మీద పంపండి. ఆ మీట నొక్కినవాడికి తెర మీద ‘అల్గారిదమ్ 5 చదివి రా’ అని కనిపిస్తే ఇంకా మంచిది. పదహారు అక్షరాల్లో పట్టకపోతే రెండో వరస ఎలాగూ ఉంది.

ఇట్లు,
చెవులు గల ఒక మనిషి

తా.క.: ఫ్యాక్టరీ జాబితాలో 29వది రెఫరీ విజిల్, 31వది రైలు. సంగీత వాయిద్యంలో ఇవెందుకని అడగను. కానీ రిసెప్షన్‌లో పదకొండో గొంతుతో పాట మొదలవగానే ఎవరైనా ఆ 29 నొక్కేలా ఏర్పాటు చేయగలరా?